‘చింకీ’: దిల్లీ వీధుల్లో వినిపించే ఈ మాట ఎక్కడిది? అంటే నిజంగా ఐదేళ్ల జైలు పడుతుందా?

తెలుగులో చింకి అంటే చినిగిపోయినది. చింకి చాప, చింకి పాత, చింకి గుడ్డలు. అందుకే దిల్లీకి కొత్తగా వచ్చి మునిర్కాలోనో, విజయ్‌నగర్‌లోనో గది తీసుకున్న తెలుగువాళ్లు ఈ మాట మొదటిసారి విన్నప్పుడు తికమకపడతారు. నేనూ పడ్డాను. కిరాణా కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరమ్మాయిల్ని చూసి ఎవరో ఆ మాట అంటే, చినిగిన జీన్స్ వేసుకున్నందుకు అన్నారేమో అనుకున్నాను.

అది బట్టల గురించి అన్నది కాదు. ముఖం గురించి అన్నది. అరుణాచల్, నాగాలాండ్, మణిపుర్, మిజోరం లాంటి ఈశాన్య రాష్ట్రాల వాళ్లను, డార్జిలింగ్ గూర్ఖాలను, లద్దాఖీలను, మజ్నూ కా టీలాలో ఉండే టిబెట్ శరణార్థులను, అందరినీ కలిపి ఒకే గాటన కట్టేసే మాట అది. తెలుగు చింకికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది ఇంగ్లిష్‌లో పుట్టి, హిందీలోకి వచ్చి స్థిరపడింది.

ఈ మాట చుట్టూ మరో నమ్మకం కూడా ఉంది. ‘చింకీ అంటే ఐదేళ్లు జైలు’ అని 2012 నుంచీ వార్తల్లోనూ, వాట్సాప్‌లోనూ తిరుగుతోంది. అందులో నిజం కొంతే. ఆ కొంత ఎంతో తెలియాలంటే మాట పుట్టుక నుంచి మొదలుపెట్టాలి. ఎందుకంటే మాట పుట్టుకకు, దాని అర్థానికి ఉన్న తేడా గురించి ఇలాంటి కేసుల్లోనే సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన విషయం చెప్పింది.

సందు అన్న అర్థం నుంచి..

ఇంగ్లిష్‌లో ‘చింక్’ అన్న మాటకు పాత అర్థం సందు, చీలిక, పగులు. గోడలో పగులు, తలుపు సందు, కవచంలో బాణం దూరేంత ఖాళీ. ఆ చింక్‌కు చివర ‘ఈ’ ధ్వని చేరిస్తే ‘చింకీ’ అనే విశేషణం వస్తుంది. అంటే పగుళ్లతో నిండినది అని. ఈ అర్థంలో అది ఎవరినీ నొప్పించే మాట కాదు.

తిట్టుగా మారిన ‘చింకీ’ వేరు. ఇది 19వ శతాబ్దం రెండో సగంలో, చైనీయులు వలస వెళ్లిన ఇంగ్లిష్ దేశాల్లో పుట్టింది. దాని మూలం గురించి రెండు మూడు వాదనలున్నాయి. చైనా, చైనీస్ అన్న మాటలే నోళ్లలో నలిగి ఇలా అయ్యాయన్నది ఒకటి. అప్పట్లో చైనాను ఏలుతున్న చింగ్ రాజవంశం పేరు నుంచి వచ్చిందన్నది మరొకటి. సన్నటి కళ్లను ‘సందు’తో పోల్చి వెక్కిరించడం నుంచి వచ్చిందన్నది మూడోది. నిఘంటువులు ‘బహుశా’ అన్న మాట తగిలించి మొదటి వాదనకే చోటిస్తాయి, మూడోది తర్వాత తోడై ఉండొచ్చంటాయి. నాకు అదే సబబుగా అనిపిస్తుంది. దేశం పేరును కత్తిరించి చేసిన మాటకు, అప్పటికే ఇంగ్లిష్‌లో ఉన్న ‘సందు’ అర్థం అంటుకుంది. ఆ తర్వాత రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాలేదు.

విడదీయలేకపోవడం అంటే ఏమిటో 2012 ఫిబ్రవరిలో అమెరికాలో అందరూ చూశారు. తైవాన్ మూలాలున్న అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు జెరెమీ లిన్ జట్టు ఓడిపోయిన రాత్రి, ఈఎస్‌పీఎన్ తన మొబైల్ సైట్‌లో ‘చింక్ ఇన్ ది ఆర్మర్’ అన్న శీర్షిక పెట్టింది. కవచంలో సందు, అంటే బలంలో దాగిన లోపం అన్న పాత నుడికారం అది. శీర్షిక పెట్టిన ఉద్యోగి తనకు దురుద్దేశం లేదన్నారు. అయినా ఆయన ఉద్యోగం పోయింది. ఇలినాయ్‌లోని పెకిన్ అనే ఊరి హైస్కూల్ క్రీడా జట్లకైతే 1980 వరకూ అధికారికంగా ఆ తిట్టే పేరు. ఊరి పేరు చైనా రాజధాని పెకింగ్ నుంచి వచ్చింది కాబట్టి అదేదో సరదా అనుకున్నారు. తర్వాత ‘డ్రాగన్స్’ అని మార్చారు.

పని కావాలి, మనిషి వద్దు

మాట ఎప్పుడు పుట్టిందన్నదాని కంటే, ఎలాంటి చోట పుట్టిందన్నది ఎక్కువ చెబుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో 1851లో బంగారం బయటపడింది. దక్షిణ చైనా నుంచి వేల మంది ఓడలెక్కి వచ్చారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం దిగే ఒక్కో చైనీయుడికి 10 పౌండ్ల పన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కడి నుంచి గనుల దాకా వందల కిలోమీటర్లు నడిచారు. అమెరికాలోనూ ఇదే కథ. పడమటి కొండల్ని తొలిచి రైలు పట్టాలు వేసినవాళ్లలో వేల మంది చైనీయులు. ఆ మార్గం 1869లో పూర్తయింది. 1882లో చైనా కార్మికులు దేశంలోకి రాకుండా చట్టం చేశారు. అది 1943 దాకా అమల్లో ఉంది. 1901లో ఆస్ట్రేలియా కూడా వలసల నియంత్రణ చట్టం తెచ్చింది.

అంటే ఈ మాట వాళ్ల ముఖం చూసి ఎవరికో అప్పటికప్పుడు తోచిన పోలిక కాదు. పనికి పిలిచి, పక్కన ఉండనివ్వడానికి ఇష్టపడని చోట పుట్టిన మాట. గురుగ్రామ్ సెలూన్లలో, కాల్‌సెంటర్లలో, దక్షిణ దిల్లీ రెస్టారెంట్లలో, ఆసుపత్రుల్లో ఈశాన్యం వాళ్లు లేకపోతే పని ఆగిపోతుంది. అదే మనిషి సాయంత్రం గది అడగడానికి వెళితే యజమాని ముఖం మారిపోతుంది. 150 ఏళ్లు గడిచినా మాటకు తగిన నేల దొరుకుతూనే ఉంది.

చివరి ‘ఈ’ ధ్వని సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లిష్‌లో అది ముద్దుకు వాడేది. ఆస్ట్రేలియన్‌ను ఆసీ అన్నట్టు. ఉత్తరాదిలో ఆడపిల్లలకు చింకీ అన్న ముద్దుపేరు మామూలే, మన బుజ్జి, చిన్ని లాగా. అందుకే ఎవరైనా నిలదీస్తే ‘సరదాగా అన్నాను, ముద్దుపేరే కదా’ అన్న జవాబు తయారుగా ఉంటుంది. మాట ముద్దుగానే వినిపిస్తుంది, అందుకే అన్నవాడికి తప్పించుకోవడం సులువు.

చీనాంబరం నుంచి వెక్కిరింత దాకా

ఇందులో ఒక విచిత్రం ఉంది. చైనా అన్న పేరును యూరప్‌కు ఇచ్చింది చైనీయులు కాదు. సంస్కృతంలోని ‘చీన’ పారశీకం మీదుగా పోర్చుగీసు నావికులకు చేరి, వాళ్ల నుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌కు వచ్చిందన్నది భాషావేత్తలు ఎక్కువగా చెప్పే దారి. ఆ చీన మనకు గౌరవమైన మాట. చీనాంబరం, చీనాంశుకం అంటే మేలు రకం పట్టు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ చీన దేశపు పట్టు ప్రస్తావన ఉంది. అనంతపురంలో బత్తాయిని చీనీ అంటారు. ఆ పండు శాస్త్రీయ నామం సిట్రస్ సైనెన్సిస్‌లోని సైనెన్సిస్‌కు కూడా చైనాకు చెందినది అనే అర్థం.

మన దగ్గర పట్టుకూ పండుకూ పేరైన మాట, సముద్రాలు దాటి వెళ్లి తిట్టై తిరిగొచ్చింది. ఆ తిట్టును మనం వాడుతున్నది చైనీయుల మీద కూడా కాదు. 2011 లెక్కల ప్రకారం నాలుగున్నర కోట్లకు పైగా జనాభా ఉన్న ఎనిమిది భారతీయ రాష్ట్రాల మనుషుల మీద.

‘చైనావాడు’ అనిపించుకోవడం ఈ దేశంలో ఉత్త హాస్యం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 1962 యుద్ధం తర్వాత చైనా మూలాలున్న దాదాపు 3,000 మందిని అస్సాం, బెంగాల్ వైపు నుంచి తీసుకెళ్లి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో బంధించారు. వాళ్లలో ఇక్కడే పుట్టిపెరిగిన వాళ్లున్నారు. 2020 మార్చిలో కొవిడ్ మొదలైనప్పుడు దిల్లీలో మణిపుర్ అమ్మాయి మీద ఒకడు ఉమ్మేసి ‘కరోనా’ అని అరిచాడు. ఇలాంటి వేధింపుల మీద చర్యలు తీసుకోవాలంటూ కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది. మాట మారుతుంది. చింకీ, మోమో, చైనీస్, కరోనా. కింద ఉండే అర్థం ఒక్కటే: నువ్వు ఇక్కడివాడివి కాదు.

లాజ్‌పత్ నగర్, 2014

2014 జనవరి 29న దిల్లీలోని లాజ్‌పత్ నగర్‌లో, అరుణాచల్‌ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా దారి అడగడానికి ఒక దుకాణం దగ్గర ఆగాడు. అక్కడున్నవాళ్లు అతని జుట్టు చూసి వెక్కిరించారు. మాటా మాటా పెరిగింది. కోపంలో దుకాణం అద్దం పగలగొట్టాడు. వాళ్లు కొట్టారు. మర్నాడు చనిపోయాడు. అతని తండ్రి నిడో పవిత్ర అప్పట్లో అరుణాచల్‌లో ఎమ్మెల్యే. ఎమ్మెల్యే కొడుక్కే ఇలా జరిగితే మా సంగతేమిటని ఈశాన్యం విద్యార్థులు జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు.

అంతకుముందు దిల్లీ ఇచ్చిన పరిష్కారాలు ఎలా ఉండేవో చెప్పడానికి ఒక పుస్తకం చాలు. 2007లో దిల్లీ పోలీసులు ఈశాన్యం నుంచి వచ్చేవాళ్ల కోసం భద్రతా సూచనలతో చిన్న పుస్తకం వేశారు. ఒళ్లు కనిపించే బట్టలు వద్దని, వెదురు మొలకలు, అఖునీ లాంటి వాసన వచ్చే వంటలు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా వండుకోవాలని అందులో ఉంది. దాన్ని తయారుచేసిన అధికారి కూడా ఈశాన్యం మనిషే. పోలీసు బలగంలో ఉన్న తమవాడు కూడా సర్దుకుపొమ్మనే చెప్పాల్సి రావడం, నాకు తిట్టు కంటే బాధగా అనిపించింది. ఆ అఖునీ వండుకోవడానికి హుమాయూన్‌పుర్‌లో ఒక పెళ్లి బృందం పడే పాట్ల మీదే తర్వాత ‘ఆఖోనే’ సినిమా వచ్చింది.

తానియా మరణం తర్వాత ఎం.పీ. బెజ్‌బారువా అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. 2014 జులైలో నివేదిక వచ్చింది. జాతి వివక్షకు ప్రత్యేక చట్టం చేయాలని, లేదంటే శిక్షాస్మృతిని సవరించాలని సూచించింది. ఐపీసీలో 153సీ, 509ఏ అనే రెండు కొత్త సెక్షన్ల ప్రతిపాదన నడిచింది. ఇందులో రెండోది నేరుగా మాట, సైగ గురించే: ఒక జాతి వాళ్లను అవమానించాలని అన్న మాటకు మూడేళ్ల వరకూ శిక్ష. రాష్ట్రాల అభిప్రాయం అడిగారు. ఏళ్లు గడిచాయి. 2016 డిసెంబర్‌లో కర్మా దోర్జీ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ఫిర్యాదులను గమనించే కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఐపీసీయే పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ రెండు సెక్షన్లు అందులోనూ లేవు.

మరి ఐదేళ్ల జైలు మాటేమిటి?

2012 వేసవిలో బెంగళూరులో మణిపుర్ విద్యార్థి, గుర్‌గావ్ దగ్గర మేఘాలయ విద్యార్థిని మరణాలు సంచలనమయ్యాక హోంశాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. ఈశాన్యం వాళ్ల మీద దాడుల్లో బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలన్నది దాని సారాంశం. ఆ చట్టంలో, నలుగురికీ కనిపించేలా ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకూ శిక్ష ఉంది. పత్రికలు దాన్ని ‘చింకీ అంటే ఐదేళ్లు’ అని రాశాయి. చట్టంలో ఎక్కడా ఆ మాట లేదు. కొత్త చట్టమూ రాలేదు.

ఆ శిక్ష పడాలంటే దాటాల్సిన గడపలు చాలా ఉన్నాయి. మొదటిది, బాధితులు షెడ్యూల్డ్ తెగ వాళ్లై ఉండాలి. నాగా, మిజో, ఖాసీలకు ఇది వర్తిస్తుంది. మణిపుర్ మైతేయీలకు ఆ హోదా లేదు. 2023లో మణిపుర్ రగిలిపోవడానికి ఆ హోదా డిమాండ్ చుట్టూ నడిచిన వివాదం ఒక కారణం. డార్జిలింగ్ గూర్ఖాల్లో చాలామందికి ఆ హోదా లేదు. టిబెట్ శరణార్థుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్లను వీధిలో ఒకడు ఒకే నోటితో ఒకే మాట అంటే, ఒకరి విషయంలో అది ఐదేళ్ల నేరం, రెండో ఆమె విషయంలో మామూలు గొడవ. అన్నవాడికి ఆ తేడా తెలియదు, అతను ముఖాన్నే చూశాడు. చట్టం మాత్రం కులధ్రువీకరణ పత్రం చూస్తుంది.

రెండో గడప దిల్లీది. దిల్లీలో నోటిఫై అయిన షెడ్యూల్డ్ తెగ ఒక్కటీ లేదు. వేరే రాష్ట్రంలో ఎస్టీ అయిన వ్యక్తికి ఇక్కడ ఈ చట్టం రక్షణ ఉంటుందా అన్న వాదన లేవదీయొచ్చు. ఇలాంటి ప్రశ్న మీదే 2023 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం, సొంత రాష్ట్రం దాటి వెళ్లినా ఆ చట్టం రక్షణ ఉంటుందని చెప్పింది.

మూడోది, మాట నలుగురి ముందు అనాలి. 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందకు రాదని చెప్పింది. అద్దె ఇంటి యజమాని మాట తూలేది సాధారణంగా ఆ నాలుగు గోడల మధ్యే.

ఇక మాట పుట్టుక సంగతి. 2008లో స్వరణ్ సింగ్ కేసు. దిల్లీలో ఒక దళిత కులం పేరుతో ఒకరిని దూషించారు. అది కులం పేరే కదా, తిట్టెలా అవుతుందన్నది వాదన. మాటకు వ్యుత్పత్తి ఏమిటన్నది చూడనక్కర్లేదని, వాడుకలో అది ఏ అర్థం సంతరించుకుందన్నదే చూడాలని కోర్టు స్పష్టం చేసింది. ఇంటి గేటు దగ్గర, రోడ్డు మీద వాళ్లకు కనిపించేలా అన్నా అది నలుగురి కంటబడినట్టేనని కూడా చెప్పింది. ‘చింకీ ముద్దుపేరే’ అన్నవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు. ఇది సందు నుంచి పుట్టిందా, చీన నుంచి పుట్టిందా అన్నది నిఘంటువు వాళ్ల పని. మునిర్కా వీధిలో అది ఎవరి చెవికి ఎలా తగిలిందన్నది కోర్టు పని.

ఎస్టీ హోదా లేనివాళ్లకు దారే లేదని కాదు. గొడవకు దారితీసేలా కావాలని అవమానిస్తే న్యాయ సంహిత 352వ సెక్షన్ ఉంది, రెండేళ్ల వరకూ శిక్ష. జాతి, జన్మస్థలం ఆధారంగా వర్గాల మధ్య వైరం పెంచితే 196. మహిళ గౌరవానికి భంగం కలిగించే మాటకు 79. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి జాతి, కులం, భాష లాంటి కారణంతో హత్య చేస్తే 103(2) కింద ఉరి లేదా యావజ్జీవం. అంటే ‘జాతి’ అన్న మాటను చట్టం గట్టిగా పట్టించుకునేది మనిషి చనిపోయాక. 2025 డిసెంబర్‌లో డెహ్రాడూన్‌లో త్రిపుర విద్యార్థి ఏంజెల్ చక్మా దాడిలో గాయపడి చనిపోయినప్పుడు, జాతి పేరుతో దూషించారని కుటుంబం చెప్పింది, అలాంటి ఆధారం లేదని పోలీసులు అన్నారు. ఆ ఒక్క మాట అన్నారా లేదా అన్నది ఎంత పెద్ద ప్రశ్న అవుతుందో మళ్లీ తేలింది.

మనం మద్రాసీలం, వాళ్లు నేపాలీలు

దిల్లీలో తెలుగువాడు మద్రాసీ. 1953లోనే ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది, 1996లో మద్రాసు పేరే చెన్నైగా మారింది, తెలంగాణ ఏనాడూ మద్రాసు ప్రెసిడెన్సీలో లేదు. అయినా ఇక్కడి ఆటోవాలాకు కరీంనగర్ మనిషి కూడా మద్రాసీయే. ఈ విషయం మీద నెలకోసారైనా నవ్వుకుంటాం, విసుక్కుంటాం.

ఆ విసుగు హైదరాబాద్ రైలెక్కగానే ఎటో పోతుంది. అక్కడ ఈశాన్యం మనిషిని అడిగే మొదటి ప్రశ్న ‘నేపాలీయా?’. నేపాలీ 1992 నుంచి మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో తెలుగు పక్కనే ఉన్న భాష, అదీ తిట్టు కాదు. కానీ అడిగే తీరులో ‘ఈ దేశం కాదు కదా’ అన్న అనుమానం ఉంటుంది. 2012 ఆగస్టులో కోక్రాఝార్ హింస తర్వాత వదంతులకు భయపడి వేలమంది ఈశాన్యం వాళ్లు బెంగళూరు నుంచి రైళ్లెక్కినప్పుడు, హైదరాబాద్ నుంచి కూడా వెళ్లిపోయినవాళ్లున్నారు. నిజానికి మద్రాసీకీ చింకీకీ ఒక తేడా ఉంది. మద్రాసీని తప్పు రాష్ట్రంలో పెడతారు. చింకీని దేశం బయట పెడతారు.

దిల్లీలో ఫిర్యాదు చేయాలంటే ఈశాన్యం వాళ్ల కోసం 2014లో పెట్టిన ప్రత్యేక పోలీసు విభాగం ఉంది, హెల్ప్‌లైన్ నంబర్ 1093. అత్యవసరమైతే 112. ఫిర్యాదులో ‘దుర్భాషలాడారు’ అని పైపైన రాసి వదిలేయకుండా, అన్న మాటను అన్న భాషలోనే యథాతథంగా రాయించడం అవసరం. ఎక్కడ నిలబడి అన్నారు, ఎవరెవరు విన్నారు అన్నవి కూడా. పక్కనే ఉండి విన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే ఆ కాగితంలో సాక్షిగా వాళ్ల పేరు ఉండొచ్చు. ‘నలుగురి ముందు’ అని చట్టం అడిగేది వాళ్ల గురించే.